ఇచ్చినవారి సొమ్ము, పుచ్చుకొన్నవారి మాట: మైలాపూరు తెలుగు సంఘాల జమాఖర్చులు

సంఘాల చరిత్ర రాసేవారు తీర్మానాలను వెదుకుతారు, అధ్యక్షోపన్యాసాలను వెదుకుతారు, సభల్లో తీసిన ఛాయాచిత్రాలను వెదుకుతారు. జమాఖర్చుల పుస్తకం జోలికి పోయేవారు అరుదు. ఒక సంఘం ఏమి కోరుకొన్నదో తీర్మానం చెబుతుంది. ఏమి చేయగలిగిందో, ఎవరి దయ మీద చేయగలిగిందో చిట్టా ఆవర్జాలు చెబుతాయి. ప్రజల పక్షాన ఏదో ఒక కోరికను ప్రభుత్వం ముందు పెట్టడానికి పుట్టిన సంఘాల విషయంలో ఇది మరీ నిజం. అటువంటి సంఘం అమ్మే సరుకంటూ ఉండదు. ఒకరు ఇస్తేనే దానికి నోరు లేస్తుంది. ఇచ్చినవారి ఇష్టానికి ఆ నోరు ఎంతవరకు లోబడుతుందన్నదే అసలు ప్రశ్న. ఇరవయ్యో శతాబ్దిలో చెన్నై మైలాపూరు కేంద్రంగా తెలుగువారు నడిపిన కొన్ని ప్రజాకార్యాలను ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం మా ఉద్దేశం.

మాటల సంగతి

మాది భాషాశాస్త్రం కాబట్టి ముందు మాటలతో మొదలుపెట్టక తప్పదు. మన లెక్కల పుస్తకంలోని పదజాలాన్ని చూస్తే ఎవరెవరి పాలనలో మనం లెక్కలు రాశామో తెలిసిపోతుంది. జమ, ఖర్చు, బాకీ, రశీదు, చందా, ఆవర్జా వంటివి పారసీక, అరబ్బీ భాషల నుంచి నవాబుల కచేరీల గుండా వచ్చాయి. ఆడిటు, బడ్జెటు, గ్రాంటు, వోచరు ఇంగ్లీషువారి కార్యాలయాల నుంచి వచ్చాయి. నిధి, కోశం, వ్యయం సంస్కృతం. పద్దు అన్న చిన్న మాట మాత్రం మన నాలుక మీద పాతదనం పోగొట్టుకోకుండా నిలిచింది. ఈ మాటల్లో 'నిధి'కి చెన్నపట్నంలో ప్రత్యేకమైన జీవితం ఉంది. సభ్యులు తమలో తాము పొదుపు చేసుకొని తమలో తామే అప్పులిచ్చుకొనే సంస్థలకు ఇక్కడ ఆ పేరు స్థిరపడింది. 1872లో మైలాపూరులోనే హిందూ పర్మనెంట్ ఫండు అనే నిధి ఏర్పడింది. తరువాత కంపెనీల చట్టంలోకి కూడా నిధి అన్న మాట అదే అర్థంతో ప్రవేశించింది. అంటే పదిమంది సొమ్మును ఒకచోట చేర్చి లెక్క చెప్పే అలవాటు ఈ పేటకు కొత్తది కాదు.

గ్రాంటు అన్న మాట మన పరిశోధకులకు ఇంకొక దారిలో పరిచితం. రాగి రేకుల మీద చెక్కిన దానశాసనాలను శాసన పరిశోధకులు ఇంగ్లీషులో గ్రాంట్లనే అన్నారు. ఆ రేకులను జాగ్రత్తగా చదివితే నేటి గ్రాంటు పత్రంలో ఉండే అంశాలు చాలావరకు అక్కడే కనిపిస్తాయి. ఇచ్చినదెవరు, పుచ్చుకొన్నదెవరు, దేనికోసం, నాలుగు దిక్కులా ఎల్లలేవి, సాక్షులెవరు, ఎంతకాలం చెల్లుతుంది. చివర శాపం ఉంటుంది. ఇచ్చిన భూమిని హరించినవాడు అరవై వేల ఏళ్లు అమేధ్యంలో పురుగై పుడతాడని దాని సారాంశం. మనకు ఆ శాపం మాత్రం గుర్తుండిపోయింది. దానితోపాటు ఎన్నో శాసనాల్లో వచ్చే ఇంకొక మాటను అంతగా పట్టించుకోలేదు. తాను దానం చేయడం కన్న ఇతరులు చేసిన దానాన్ని కాపాడడం రెండింతలు పుణ్యమని ఆ మాట చెబుతుంది. ఈనాటి కోశాధికారి పనికి ఇంతకన్న మంచి నిర్వచనం మాకు దొరకలేదు. ఆయన దాత కాడు, గ్రహీత కాడు. ఒకరి దానాన్ని మరొకరి కోసం కాపాడేవాడు.

ఒక దాత, ఒక ఇల్లు

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867లో కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. 1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చాయి. తలనొప్పి మందు మీద వచ్చిన లాభం పత్రికలోకి, పత్రిక నుంచి ఆంధ్రోద్యమంలోకి, గ్రంథాలయోద్యమంలోకి, జాతీయోద్యమంలోకి ప్రవహించింది. చేతికి ఎముక లేదన్న మాట ఆయన విషయంలో అతిశయోక్తి కాదు. జనం ఆయన్ను విశ్వదాత అన్నారు.

మైలాపూరులో లజ్ చర్చి రోడ్డు మీద ఆయన ఇల్లు శ్రీబాగ్. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు అక్కడే సమావేశమై చేసుకొన్న ఒప్పందం శ్రీబాగ్ ఒడంబడిక పేరుతో చరిత్రకెక్కింది. విశ్వవిద్యాలయ కేంద్రాలు, నదీజలాల్లో వెనుకబడిన ప్రాంతానికి ప్రాధాన్యం, శాసనసభలో స్థానాలు, రాజధాని, హైకోర్టు - వీటి మీద ఆనాడు కుదిరిన మాట తరువాతి ఎనభై ఏళ్ల రాజకీయాల్లో ఎన్నిసార్లు గుర్తుచేయబడిందో పాఠకులకు చెప్పనక్కరలేదు. అయితే ఆ సమావేశానికి ఎంత ఖర్చయిందని ఎవరూ అడగరు. అడిగే అవసరం లేకపోయింది. హాలు అద్దె లేదు, వసతికి బిల్లు లేదు, ఆతిథ్యం గృహస్థుది. నేటి పరిభాషలో అది వస్తురూపంలో అందిన విరాళం. ఏ పద్దులోనూ పడని విరాళం.

పదిహేనేళ్ల తరువాత ఇదే మైలాపూరులో, రాయపేట హైరోడ్డు మీద బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష ప్రారంభించారు. డిసెంబరు 15 రాత్రి మరణించారు. ఆంధ్రరాష్ట్రం కోసం జరిగిన ప్రచారంలో అత్యంత బలమైన ఆ ఘట్టానికి కూడా ఆసరా ఒక గృహస్థు ఇచ్చిన గదే. కోరికలు కోరే ఉద్యమాలకు మొదటి పెట్టుబడి రొక్కం కాదు, అద్దె లేని గది అని ఈ రెండు ఇళ్లూ చెబుతున్నాయి.

ఈ పద్ధతికి ఉన్న బలం తెలుస్తూనే ఉంది. అడిగిన వెంటనే అందుతుంది, దరఖాస్తు లేదు, షరతు లేదు. బలహీనత కూడా అక్కడే ఉంది. దాత ఉన్నంతకాలమే ధార. పంతులుగారు 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు. వ్యాపారం అంతకు రెండేళ్ల ముందే లిమిటెడ్ కంపెనీ అయింది కాబట్టి నిలిచింది. పత్రికలు వారసుల పట్టుదలతో దశాబ్దాలు నడిచి, 1991లో ఆగిపోయాయి. ఆయన పోషించిన గ్రంథాలయోద్యమానికి మాత్రం ఇంకొక గతి పట్టింది. 1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం, 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చి, ఇంటిపన్ను మీద గ్రంథాలయ సెస్సు ఏర్పాటైంది. ఒక దాత ఉదారంగా ఇచ్చినదాన్ని ఊరంతా హక్కుగా, బాధ్యతగా ఇచ్చుకొనేట్టు చేయడమే అటువంటి ఉద్యమం సాధించగల పెద్ద విజయం.

చందా పుస్తకం

దుర్గాబాయిగారి కథ వేరు. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు పెద్ద వ్యాపారం లేదు. సొమ్ముతో ఆమెకు మొదటి పరిచయం చిన్ననాడే కాకినాడలో జరిగింది. 1921లో గాంధీజీ వచ్చినప్పుడు దేవదాసీ స్త్రీలు, ముస్లిం స్త్రీలు ఆయన మాట వినాలని పన్నెండేళ్లు నిండని ఆ పిల్ల పట్టుబట్టింది. అయిదు వేల రూపాయల నిధి కూడబెట్టి ఇస్తే సమయం ఇస్తామన్నారు నిర్వాహకులు. దేవదాసీ స్త్రీలే ఆ సొమ్ము సమకూర్చారు. సభలో ఒంటి మీది నగలు కూడా తీసి ఇచ్చారు. ఈ ఘట్టాన్ని త్యాగానికి ఉదాహరణగా చెప్పడం పరిపాటి. మాకు అందులో ఇంకొకటి కూడా కనిపిస్తుంది. సమాజం నోరెత్తనివ్వని స్త్రీలు తమ సొమ్ముతో తమ వినికిడిని కొనుక్కోవలసి వచ్చింది. ఎవరి సమస్యో వారే చందాదారులు కావడం ఉద్యమానికి గౌరవం. దానికి ధర నిర్ణయించినవారికి మాత్రం కాదు.

1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భంగా జరిగిన ఖద్దరు ప్రదర్శనలో దుర్గాబాయి వాలంటీరు. టికెట్టు లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె గుమ్మం దగ్గర ఆపేసింది. టికెట్టు కొన్న తరువాతనే లోపలికి వదిలింది. నెహ్రూ ఆ పిల్ల కర్తవ్యనిష్ఠను మెచ్చుకొన్నారు. నాయకుడికైనా టికెట్టు టికెట్టే అన్న ఈ సూత్రం మీదనే సంఘాల లెక్కలన్నీ ఆధారపడి ఉన్నాయి. అధ్యక్షుడికి రశీదు అక్కరలేదనుకొన్న రోజున సంఘం పతనం మొదలవుతుంది.

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లివచ్చిన తరువాత ఆమె చదువు కొనసాగించి, 1937లో మైలాపూరులో బాలికలతో 'లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్' అనే చిన్న బృందాన్ని ప్రారంభించారు. ఆంధ్ర మహిళాసభకు అదే మొలక. బడి దాటిపోయిన వయసులో ఉన్న స్త్రీలకు బెనారసు మెట్రిక్యులేషన్ పరీక్షకు పాఠాలు చెప్పడం ఆ సభ తొలి పనుల్లో ఒకటి. శ్రీబాగ్ ఒడంబడిక జరిగిన ఏడాదే, అదే పేటలో ఈ సభ పుట్టడం గమనించదగ్గది. అక్కడ ఒక్క దాత నీడలో పెద్దమనుషుల ఒప్పందం. ఇక్కడ ఆడపిల్లల చదువు కోసం పదిమందిని అడిగి తెచ్చిన చందా. చందా ఇచ్చిన ప్రతివారికీ రశీదు ఉంటుంది. రశీదు ఉన్న ప్రతివారికీ సర్వసభ్య సమావేశంలో లేచి అడిగే నోరు ఉంటుంది. లెక్క చెప్పవలసినవారు ఎందరో ఉంటే ఏ ఒక్కరి ఇష్టమూ శాసనం కాదు. చందా పుస్తకానికి ఉన్న మేలు అదే. చందా వసూలుకే కార్యకర్తల కాళ్లరిగిపోవడం దాని కీడు.

గ్రాంటు వచ్చిన తరువాత

రాజ్యాంగ సభలో పనిచేసిన దుర్గాబాయిగారు 1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలయ్యారు. స్వచ్ఛంద సంస్థలకు సహాయంగా మొదటి పంచవర్ష ప్రణాళికలో నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ సొమ్మును పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి తొలి అధ్యక్షురాలు ఆమే. పదహారేళ్ల కిందట మైలాపూరులో చందాల పుస్తకం పట్టుకొన్న చేయి ఇప్పుడు దేశమంతటి సంస్థలకు గ్రాంటు మంజూరు చేసే చేయి అయింది. ఆ ఏడాది జనవరిలోనే ఆర్థికమంత్రి చింతామన్ దేశ్‌ముఖ్‌గారితో ఆమెకు వివాహమైంది. ప్రభుత్వ ఖజానా భర్త బాధ్యత, అందులో ఒక పాయను సంస్థలకు పంచడం భార్య బాధ్యత. ఇటువంటి చోట వ్యక్తుల నిజాయితీ ఒక్కటే చాలదు. రాసిపెట్టిన నియమాలు, పదిమంది కూర్చొని చేసే నిర్ణయం, బయటివారి తనిఖీ కావాలి. 1969లో ఆ బోర్డును లాభాపేక్ష లేని కంపెనీగా నమోదు చేశారు.

గ్రాంటు చందా వంటిది కాదు. అది ఒక పనికి వస్తుంది, ఒక గడువుకు వస్తుంది, వాయిదాల్లో వస్తుంది. మొదటి వాయిదా ఖర్చయినట్లు వినియోగపత్రం పంపితే తప్ప రెండోది కదలదు. కుట్టుమిషన్ల కోసం వచ్చిన రూపాయిని పుస్తకాలకు వాడరాదు. చాలా గ్రాంట్లలో సంస్థ తన వంతు కొంత సమకూర్చుకోవాలి. కాబట్టి గ్రాంటు తీసుకొనే సంస్థ ఒకే పుస్తకంలో అన్నీ రాసుకొంటే చాలదు. ఏ దాత సొమ్ము ఏ పనిలో ఎంత మిగిలిందో విడివిడిగా చూపాలి. బ్యాంకులో లక్ష రూపాయలున్నా, అందులో సంఘం తన ఇష్టప్రకారం ఖర్చు చేయగలిగింది వెయ్యి కూడా కాకపోవచ్చు. ఈ తేడా తెలియని కార్యవర్గం నిండు చెరువు పక్కన దాహంతో చచ్చినట్లవుతుంది, లేదా పక్కవాడి చెరువుకు గండి కొట్టినట్లవుతుంది.

ఇంతకన్న సూక్ష్మమైన మార్పు భాషలో జరుగుతుంది. చందాలతో నడిచే సంఘం తన నివేదికలో 'మా సభ్యులు కోరుతున్నారు' అని రాస్తుంది. గ్రాంటుతో నడిచే సంస్థ 'ఇంతమంది లబ్ధిదారులకు సేవ అందింది' అని రాస్తుంది. కర్తగా ఉన్న మనిషి కర్మస్థానంలోకి జారిపోతాడు. ఇది వ్యాకరణం మాత్రమే కాదు. కుట్టుపని నేర్పడానికి, బాలవాడీ నడపడానికి సొమ్మిచ్చేవారు దొరుకుతారు. లెక్కపెట్టడానికి మిషన్లుంటాయి, పిల్లలుంటారు. ఒక చట్టాన్ని మార్చమని పదేళ్లు తిరిగే పనికి సొమ్మిచ్చేవారు తక్కువ. దానికి లెక్కపెట్టగల ఫలితం పదో ఏటగాని రాదు. 1947లో వచ్చిన మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం వెనుక ముత్తులక్ష్మీ రెడ్డిగారి వంటివారి రెండు దశాబ్దాల కృషి ఉంది. ఏ వార్షిక గ్రాంటు పత్రంలో ఆ రెండు దశాబ్దాలు ఇముడుతాయి? కోరికతో పుట్టిన సంఘాలు గ్రాంటు రుచి మరిగి సేవాసంస్థలుగా మారడం మనదేశంలో విరివిగా జరిగింది. సేవ తక్కువైన పని కాదు. కాని ఆ మార్పును సంఘం తాను ఎంచుకొన్నదా, జమాపద్దు ఎంచుకొన్నదా అన్నది విచారించాలి.

విదేశీ విరాళాల సంగతి మరింత బిగువు. 1976లో అత్యవసర పరిస్థితి కాలంలో వచ్చిన చట్టం స్థానంలో 2010 చట్టం వచ్చింది. 2020 సవరణతో ఆ సొమ్ము మొదట ఢిల్లీలో స్టేటు బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలన్నారు. పాలనా ఖర్చు పరిమితిని నూటికి యాభై నుంచి ఇరవైకి తగ్గించారు. ఒక సంస్థ అందుకొన్నదాన్ని మరొక సంస్థకు ఇవ్వరాదన్నారు. పెద్ద సంస్థ ద్వారా అమెరికా తెలుగువారి సొమ్ము చిన్న సంఘాలకు అందే దారి దీనితో మూసుకుపోయింది. పాలనా ఖర్చు తగ్గాలనడం వినసొంపుగానే ఉంటుంది. కాని కోరికలు విన్నవించే సంఘానికి జీతం, ప్రయాణం, టైపు, న్యాయవాది ఫీజు - ఇవే పని. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, రాజకీయ లక్ష్యం లేకుండా ప్రజాసమస్యలకు మద్దతు పలికే సంస్థను రాజకీయ సంస్థగా ముద్రవేసి విదేశీ విరాళం ఆపరాదని చెప్పింది. కోరడం వేరు, అధికారం కోరడం వేరన్న వివేచన ఆ తీర్పులో ఉంది.

మా లెక్క

ఇంతవరకు ఇతరుల లెక్కలు చెప్పాము. మా లెక్క కూడా చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తి.

2006లో తమిళనాడులో తమిళ అధ్యయన చట్టం వచ్చింది. మొదటి తరగతి నుంచి ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఇక్కడి తెలుగు, ఉర్దూ, కన్నడ, మలయాళ పిల్లల మాతృభాషా పరీక్షల ప్రశ్న న్యాయస్థానాలదాకా వెళ్లింది. ఆ రోజుల్లో మైలాపూరులో పనిచేసే ఒక చిన్న తెలుగు సంఘానికి మేము కోశాధికారిగా ఉన్నాము. సంఘం పేరు ఇక్కడ అవసరం లేదు. బడిపిల్లల తెలుగు వాచకాల కోసం మాకొక గ్రాంటు వచ్చింది. విద్యాశాఖకు మహజర్లు పంపడానికి, తల్లిదండ్రుల సభలు పెట్టడానికి మాత్రం దమ్మిడీ లేదు. అధికారులను కలవవలసిన గడువు ముంచుకొచ్చింది. చందాలు అందలేదు. వాచకాల ఖాతాలో నుంచి పదకొండు వేలు తీసి 'తాత్కాలిక సర్దుబాటు' అని రాసి సంతకం చేశాము. పిల్లల కోసం వచ్చిన సొమ్ము పిల్లల కోసమే వాడుతున్నామని మాకు మేము చెప్పుకొన్నాము.

లెక్కలు చూసిపెట్టే ఒక పెద్దాయన, ప్రభుత్వ ఆడిటు శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు, ఆ పద్దు దగ్గర వేలు ఆపారు. "ప్రొఫెసరుగారూ, సర్దుబాటు అంటే ఏమిటండి? ఇచ్చినవారిని అడిగారా?" అన్నారు. అడగలేదన్నాము. "అయితే మాటకు అర్థం చెప్పే ఉద్యోగం మీది. దీనికి సరైన మాట మీరే రాయండి" అన్నారు. ముప్పై ఏళ్లు పదార్థ విచారం చేసినవారం ఆ ఒక్క పదం ముందు తలవంచుకొన్నాము.

ఆ వారంలోనే మా జేబులో నుంచి సొమ్ము సంఘానికి అప్పుగా ఇచ్చి, కార్యవర్గం చేత తీర్మానం చేయించి, వాచకాల ఖాతాను పూర్తిచేశాము. జరిగినదంతా గ్రాంటు ఇచ్చినవారికి ఉత్తరం రాశాము. సర్వసభ్య సమావేశంలో కూడా చదివాము. ఒకరిద్దరు కోపగించారు. ఒక టైలరుగారు లేచి, నెలకు ఇరవై రూపాయలు ఏ పనికైనా వాడుకొమ్మని ఇస్తానన్నారు. ఆయన వెనుక మరో నలభైమంది లేచారు. ఏ షరతూ లేని ఆ చిన్న నిధితోనే తరువాతి మహజర్లన్నీ వెళ్లాయి. వాచకాలూ అచ్చయ్యాయి. పెద్ద గ్రాంటు ఇవ్వలేనిది ఆ ఇరవై రూపాయలు ఇచ్చాయి, అంటే నోరు.

చెప్పవలసింది

దాత ఇల్లు, చందా పుస్తకం, గ్రాంటు - మైలాపూరులో ఒకదాని వెంట ఒకటి వచ్చిన ఈ మూడు దారుల్లో ఏదీ ఒంటిగా చాలదని మా అభిప్రాయం. పనికి గ్రాంటు తీసుకోవచ్చు, ఆసరాకు దాతను ఆశ్రయించవచ్చు. కాని సంఘం నోరు మాత్రం సభ్యుల చందా మీదనే నిలవాలి. అది ఎంత చిన్నదైనా సరే. ఆరు నెలల ఖర్చుకు సరిపడే సొంత నిధి లేని సంఘం ఏ వాయిదా ఆలస్యమైనా ఒకరి దానాన్ని మరొక పనికి మళ్లించే ప్రమాదంలో పడుతుంది. మేము పడ్డాము.

రాగి రేకు రాయించిన రాజుకు ఆడిటరు లేడు. శాపమే ఆడిటరు. మనకు శాపం మీద నమ్మకం పోయింది, ఆడిటు మీద గౌరవం ఇంకా పూర్తిగా రాలేదు. ఈ మధ్యకాలంలో ఇతరులిచ్చిన దానాన్ని కాపాడవలసినవారు కాకినాడ గుమ్మంలో టికెట్టు అడిగిన ఆ పిల్లను గుర్తుపెట్టుకొంటే చాలు.